ప్రతి ఉదయం 2009లో మేలుకునే గ్రంథాలయ కంప్యూటరు గారికి

మహారాజశ్రీ మా ఊరి గ్రంథాలయపు కంప్యూటరు గారి దివ్య సముఖమునకు, ఈ ఊరి విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు నమస్కరించి వ్రాయు విన్నపము. ఉభయకుశలోపరి.

ఉత్తరానికి తేదీ వేయడం మర్యాద అని ఉద్యోగమంతా పిల్లలకు నేర్పిన నేను, ఈ ఉత్తరానికి తేదీ వేయలేదు. నేను వేసే తేదీని తమరు అంగీకరించరని నిన్న మధ్యాహ్నం రుజువైంది. గోడ మీది క్యాలెండరు, బల్ల మీది దినపత్రిక, హాజరు పుస్తకంలో సంతకాల పక్కన ఉన్న అంకెలు ముక్తకంఠంతో ఒక తేదీ చెబుతూ ఉండగా, తమరి తెర కుడివైపు అడుగు మూలన మాత్రం 01-01-2009 అని ఉంది. దాని మీద మౌసు బాణం నిలిపితే ఆ రోజు గురువారం అని కూడా తమరు నమ్మకంగా సెలవిచ్చారు. ఇది నిన్న ఒక్కనాటి విశేషం కాదు. తమరు రోజూ ఉదయం ఆ గురువారంలోనే మేలుకుంటారని, గ్రంథాలయం మూసేదాకా ఆ గురువారంలోనే కాలక్షేపం చేస్తారని, మరునాడు మళ్ళీ మొదటికే వస్తారని ఇక్కడికి వచ్చే వారందరికీ తెలుసు.

నేను వచ్చిన పని చిన్నది. ఆదాయపు పన్ను రిటర్ను కోసం గత ఆర్థిక సంవత్సరపు పింఛను వివరాల కాగితం కావాలి. సైటు తెరిచి, యూజర్ ఐడి, పాస్‌వర్డు ఇచ్చి, ప్రింటు తీసుకోవడమే. ఫోనులో చేసుకోవచ్చు కదా అనే మనవలకు ఒక్క మాట: ఆ గ్రంథాలయంలో ప్రింటరు ఒక్కటే ఉంది, అది వినేది తమరి మాట ఒక్కటే. భోజనం ముగించుకుని రెండింటికి తమరి ఎదుట ఆసీనుడనయ్యాను. తమరు పూర్తిగా మేలుకునే లోపల దినపత్రిక సంపాదకీయంతో సహా చదవడం అయింది. అందుకు నాకు ఫిర్యాదు లేదు. వయసు మీద పడ్డవారు నెమ్మదిగానే లేస్తారు. ఆ విషయంలో తమరికీ నాకూ పేచీ లేదు.

సైటు పేరు కొట్టగానే తమరు పేజీ తెరవకుండా, నా గడియారం వెనకబడి ఉందని, కనుక ఈ కనెక్షను సురక్షితం కాదని తెర మీద వేశారు. నా గడియారమా? ఆకాశవాణి వార్తలతో సరిచూసుకునే చేతి గడియారం నాది. తప్పు తమరిది, నోటీసు నాకు.

తమరి పక్షాన చెప్పవలసిన మాట కూడా చెబుతాను. ఈ కాలంలో ఏ సైటైనా తన గుర్తింపు పత్రం చూపిస్తే గాని బ్రౌజరు దాని గడప తొక్కదు. ఆ పత్రం ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో దాని మీదనే ఉంటుంది. 2020 సెప్టెంబరు నుంచి ఇచ్చిన పత్రాలకు గరిష్ఠ ఆయుర్దాయం 398 రోజులుగా పెట్టారు. దానిని అంచెలంచెలుగా తగ్గించి 2029 మార్చి నాటికి 47 రోజులకు తేవాలని నిర్ణయం కూడా అయింది. దొంగ సైట్లు ఇన్ని పుట్టుకొచ్చిన రోజుల్లో పత్రం తాజాదా, కాలం చెల్లినదా అని పరిశీలించడం మంచిదే. కాని పరిశీలించే అధికారికి ముందుగా ఈ రోజు ఏ రోజో తెలిసి ఉండాలి కదా! 2009లో కుర్చీ వేసుకుని కూర్చున్న తమరికి, లోకంలోని ప్రతి పత్రమూ ఇంకా అమల్లోకి రానిదే. అందుచేత బ్యాంకు వారు, రైలు టికెట్ల వారు, కరెంటు బిల్లుల వారు, పిల్లల హాల్ టికెట్లు ఇచ్చే వారు, అందరూ తమరి దృష్టిలో మోసగాళ్ళే. కొన్ని సైట్లకైతే, ఫరవాలేదు వెళ్ళనివ్వు అని అడుగున ఒక దొడ్డిదారి ఉంటుంది. భద్రత గట్టిగా పెట్టుకున్న వాటికి ఆ దారి కూడా ఉండదు. నా పింఛను సైటు ఆ రెండో రకం.

సరే, తమరు చెప్పిందే నిజమనుకుందాం. నిన్న 2009 జనవరి 1. అలాగైతే ఎవరినీ తమరు ఆధార్ అంకె అడగకూడదు. ఆధార్ ప్రాధికార సంస్థ ఏర్పాటైందే ఆ నెల 28న, మొదటి ఆధార్ అంకె 2010 సెప్టెంబరులో గాని రాలేదు. జిల్లా పేరు అడిగే గడిలో కోనసీమ ఉండకూడదు. 2022 ఏప్రిల్ 4 వరకు మేము తూర్పు గోదావరి జిల్లా వాళ్ళమే. రాష్ట్రం కూడా ఇంకా రెండు కాలేదు. నా పింఛను సంగతి అసలే ఎత్తకూడదు. ఆ తేదీన నేను ఉద్యోగంలోనే ఉండి, పదో తరగతి పిల్లల చేత 'యమాతారాజభానస' వల్లె వేయిస్తున్నాను. నా మోకాళ్ళు కూడా అప్పుడు నా మాట వినేవి. నన్ను నిజంగా ఆ రోజుకు పంపించగలిగితే పంపించండి, కాదనను. అంతకంటే విచిత్రం ఇంకొకటి ఉంది. తమరి లోపల ఉన్న విండోస్ 7 విడుదలైంది 2009 అక్టోబరు 22న. అంటే తమరి లెక్క ప్రకారం తమరే ఇంకా పుట్టలేదు. ఇంకా పుట్టనివారు ఎదురుగా కూర్చున్న ముసలివాడిని పట్టుకుని, నీవు నీవేనని నమ్మకమేమిటి అని అడుగుతున్నారన్నమాట!

ఆ విండోస్ 7కు మైక్రోసాఫ్టు వారు మద్దతు ఆపేసింది 2020 జనవరి 14న. ఆ రోజు భోగి. ఇంట్లో పనికిరాని పాత సామానంతా మంటలో వేసే రోజునే వారు కూడా చూసుకుని ముహూర్తం పెట్టినట్టున్నారు. ఆ సంగతి తమరికి తెలియడానికి ఇంకా పదకొండేళ్ళు వ్యవధి ఉంది కనుక ప్రస్తుతానికి దిగులు అక్కరలేదు.

తేదీ తప్పితే ఇంటర్నెట్టు నుంచి తెలుసుకుని తనంతట తానే దిద్దుకునే ఏర్పాటు విండోస్‌లో ఉందని మా మేనల్లుడు ఫోనులో చెప్పగానే ప్రాణం లేచివచ్చింది. తర్వాత షరతు చెప్పాడు. విడిగా ఉన్న కంప్యూటర్లలో ఆ తేడా 15 గంటలు దాటితే ఆ ఏర్పాటు జోక్యం చేసుకోదట. అయిదు నిమిషాల తప్పును మాత్రం శ్రద్ధగా సవరిస్తుంది. ఏళ్ళ తరబడి తప్పును చూసి, ఇంత పెద్దది నా పరిధిలోది కాదని తప్పుకుంటుంది. ఈ నియమం రాసినవాడు ఎప్పుడో మన తాలూకా కచేరీలో కొన్నాళ్ళు గుమాస్తాగా చేసి ఉండాలి.

పోనీ తేదీని చేత్తో మారుద్దామని ఆ అంకెల మీద నొక్కితే, మీరు అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డు అడిగారు. (గమనించారో లేదో, తమరు నుంచి మీరుకు దిగాను. మూడింటికి జరిగిందిది.)

"ఆయ్, అది మన దగ్గర లేదండి మాస్టారూ," అన్నాడు గ్రంథపాలకుడు, కుర్చీలోంచి లేవకుండానే. "దీన్ని బిగించిన కుర్రోడు కువైట్‌లో ఉన్నాడండి. ఇప్పుడు చేస్తే డ్యూటీలో ఉంటాడండి. మన మూడున్నరకి ఆళ్ళకి ఒంటిగంటండి, భోజనాల టైమండి. అప్పుడు చేద్దారి."

మీ జాతికి పాస్‌వర్డు అనేది వచ్చిందే మీ వంటి ఉమ్మడి యంత్రాల వల్లనని చదివాను. 1960ల మొదట్లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఒకే కంప్యూటరును అనేకమంది ఏకకాలంలో వాడుకునే ఏర్పాటు చేసిన ఫెర్నాండో కోర్బాటో బృందం, ఒకరి దస్త్రాలు మరొకరు తెరవకుండా తలా ఒక రహస్య పదం కేటాయించింది. 1966లో ఒకనాడు పొరపాటు జరిగి, లాగిన్ కాగానే కనిపించవలసిన ఆనాటి ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డుల జాబితా అందరి ఎదుటా ప్రత్యక్షమైందట. మన గ్రంథాలయంలో ఆ స్థితి రావడానికి పొరపాటు అవసరం లేదు. సభ్యులు వాడే పాస్‌వర్డు మీ తెర అంచుకు అంటించిన చీటీ మీద, ఎవరో దయగలవారు రెండోసారి స్కెచ్ పెన్నుతో దిద్ది మరీ ఉంచారు. రహస్యంగా ఉన్నది ఆ అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డు ఒక్కటే. అది సముద్రం దాటి వెళ్ళింది.

మూడున్నరకు కువైట్ కుర్రవాడు పలికాడు. "మాస్టారూ, నమస్కారమండి, నేను మీ దగ్గర చదువుకున్నానండి," అన్నాడు. పాస్‌వర్డు చెప్పవయ్యా అంటే కాసేపు నసిగి, "మీ పాఠమేనండి, యమాతారాజభానస, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా," అన్నాడు. స్పీకరు ఫోను కనుక గ్రంథాలయంలో ఉన్నవారందరూ విన్నారు. ఇక్కడ రాసినంత మాత్రాన కొత్తగా బయటపెట్టిన గుట్టేమీ లేదు. కొట్టాను. తప్పన్నారు. దీర్ఘాలకు రెండేసి 'ఎ'లు పెట్టాలా, ఒక్కొక్కటేనా అని అడిగాను. "ఒక్కొక్కటేనండి. దీర్ఘాలు నాకు క్లాసులో కూడా పడేవి కాదు కదండీ, మీరే తిట్టేవారు," అన్నాడు. దీర్ఘాలు తీసేసి కొడితే మీరు తలుపు తీశారు. ఆ ఒక్క నిమిషం మీ మీద నాకున్న కోపమంతా దిగిపోయిందని ఒప్పుకుంటాను. గణాలు గుర్తున్నవాడు ఒకడైనా ఉన్నాడు, వాడు వాటిని మీకు కాపలా పెట్టి వెళ్ళాడు. తేదీ సరిచేశాను. పింఛను సైటు తెరుచుకుంది.

అక్కడితో కథ సుఖాంతం కావలసింది.

యూజర్ ఐడి గడిలో అప్పటికే ఎవరిదో మెయిలు కూర్చుని ఉంది. చెరిపితే మళ్ళీ వచ్చింది. మీరు అందరినీ గుర్తుపెట్టుకుంటారు, ఎదురుగా ఉన్నవాడిని తప్ప. కీబోర్డు మీద 'ఎ', 'ఎస్', 'ఇ' అక్షరాలు అరిగి నున్నటి పలకలైపోయాయి. ఎడమ షిఫ్టు నొక్కితే లోపలికి పోయి తీరిక చూసుకుని పైకి వస్తుంది. ఇవన్నీ సహించాను. నా పాస్‌వర్డులో ఆరు అక్షరాలు, నాలుగు అంకెలు. అంకెలు కుడివైపు అంకెల పెట్టెలో కొట్టడం నా అలవాటు. పది మీటలు నొక్కితే తెర మీద ఆరు చుక్కలే పడ్డాయి. వేలు పెట్టి లెక్కపెట్టాను, ఆరే. నమ్ లాక్ ఆగిపోయి ఉందని, ఆ స్థితిలో అంకెల పెట్టె అంకెలు వేయకుండా కర్సరును అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటుందని తెలియజేయవలసిన చిన్న దీపం ఎన్నడో ఆరిపోయింది. ఆ సంగతి బోధపడే లోపల మూడు తప్పుల కోటా పూర్తయి, ఖాతాను 24 గంటలపాటు మూసివేశామన్న ప్రకటన తెర మీద పడింది.

ఇక మీరు కూడా లేదు. నువ్వే.

మా గోదావరి కూడా మూడే హెచ్చరికలు ఇస్తుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. ఒక్కొక్క హెచ్చరికకూ మధ్య లంకల్లోని వాళ్ళు పశువులను గట్టు మీదికి తోలుకోవడానికి, గింజలు ఎత్తున పెట్టుకోవడానికి ఎంతో కొంత వ్యవధి ఉంటుంది. నీరు ఎంత ఉందో, ఎన్ని క్యూసెక్కులు వదిలారో గంటగంటకూ చెబుతారు. వరదకున్న ఆ పాటి మర్యాద నీకు లేదు. మూడుసార్లూ నీ తెర మీద పడిన మాట ఒక్కటే: యూజర్ ఐడి గాని, పాస్‌వర్డు గాని తప్పు. రెండింటిలో ఏది? ఎంత తప్పు? ఏది తప్పో చెబితే దొంగకు సాయం చేసినట్టవుతుందని కావాలనే చెప్పరట. దొంగకు సాయం కాకూడదు, నిజమే. సొంతదారుకు కూడా కాకూడదా? పాస్‌వర్డు మరిచిపోయిన వారి దారిన వెళ్తే ఓటీపీ పంపుతారు. నా ఫోను నా జేబులోనే ఉంటుంది కనుక అది నాకు ఉపయోగపడవచ్చు. ఈ ఊళ్ళో పిల్లల నంబర్లు ఇచ్చిన పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ ఓటీపీలు దుబాయిలోనో దోహాలోనో మోగి, పిల్లలు డ్యూటీ దిగి చూసుకునేసరికి గడువు దాటిపోతుంది.

అసలు నీ రోగం ఎంతటిది? మూత విప్పితే మదర్‌బోర్డు మీద గుండ్రంగా ఒక బటన్ సెల్లు ఉంటుంది. దాని పేరు సి.ఆర్. 2032. ఇరవై అంటే దాని వ్యాసం 20 మిల్లీమీటర్లు, ముప్ఫై రెండు అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. లిథియం సెల్లు, 3 వోల్టులు. కరెంటు లేనప్పుడు నీ గడియారాన్ని నడిపించడమే దాని ఉద్యోగం. గోడ స్విచ్చి వేసి ఉన్నంతసేపూ, నువ్వు నిద్రలో ఉన్నా, లోపలికి సన్నగా అందే కరెంటుతో ఆ గడియారం నడుస్తూనే ఉంటుంది, సెల్లుతో పని పడదు. కాని మన గ్రంథాలయంలో రాత్రి ఎనిమిదింటికి పిడుగుల భయానికి మెయినే ఆపేస్తారు. ఆ భయం న్యాయమైనదే; తాటిచెట్ల మధ్య ఉన్న భవనం అది. సెల్లు చచ్చిపోయి ఉండటం వల్ల, మెయిను ఆగిన క్షణం నుంచి నీకు కాలం లేదు. తెల్లవారి కరెంటు రాగానే, తయారు చేసినవాడు నీలో తొలి తేదీగా ఏది పెట్టాడో అక్కడి నుంచి మళ్ళీ మొదలు. నేను కువైట్‌కు ఫోను చేసి, గణాలు అప్పజెప్పి సరిచేసిన తేదీ కూడా నిన్న రాత్రి ఎనిమిదింటికి పోయింది.

ఆ సెల్లు అమలాపురంలో వాచీలు బాగుచేసే ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. యాభై రూపాయలు పెడితే చిల్లర తిరిగి ఇస్తారు. ఇంతకాలంగా ఈ ఊళ్ళో పింఛనుదారులు, హాల్ టికెట్ల పిల్లలు, చెరువుల కౌలు కాగితాల వాళ్ళు, అందరూ నీ ఎదుట గంటల తరబడి కూర్చుని లేచి వెళ్ళారు. ఒక్కరూ ఆ సెల్లు కొనలేదు. నీ మీద వేయి రూపాయల స్టిక్కరు అంటించారు, దాత పేరుతో. ప్రారంభోత్సవపు ఫోటో చట్రం కట్టించి గోడకు తగిలించారు. పండగకు నీకు కుంకుమబొట్టు కూడా పెడతారు. ఆ బొట్టు మరక ఇప్పటికీ పవర్ బటను పక్కన ఉంది. సెల్లు మాత్రం ఎవరూ వేయరు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని పెద్దలు ఊరికే అనలేదు. ఇన్నాళ్ళూ అందరం నిన్ను పాతదానివని తిట్టాం. నువ్వు పాతదానివే, కాని నిన్నటి పని చెడింది నీ పాతదనం వల్ల కాదు. తేదీ ఒక్కటి నిలబడితే, ఈ విండోస్ 7తోనే, ఈ అరిగిన మీటలతోనే నువ్వు ఇంకా కొంతకాలం ఊరికి పనికొస్తావు. ఆ మాత్రం గడియారం నీకు ఇవ్వలేని మేము, నీ ఎదుట కూర్చుని నీకు మొట్టికాయలు వేస్తున్నాం.

సాయంత్రమే వెళ్ళి సెల్లు కొనుక్కొచ్చాను. ఈ ఉదయం స్క్రూడ్రైవరుతో సహా గ్రంథాలయానికి వెళ్తే, గ్రంథపాలకుడు నీకూ నాకూ అడ్డంగా నిలబడ్డాడు. "ఉమ్మడి ఆస్తండి మాస్టారూ. స్టాకు రిజిస్టరులో ఉందండి. కమిటీ తీర్మానం లేకుండా మూత విప్పితే రేపు నా మీదికొస్తాదండి." తీర్మానానికి సమావేశం కావాలి, సమావేశానికి కోరం కావాలి, కొనుగోలు అన్నాక కొటేషన్లు కావాలి. కొన్న వస్తువు నా జేబులో ఉంది, దానికి కొటేషన్లు ఏమిటయ్యా అంటే, దానంగా ఇస్తే దానికి వేరే రిజిస్టరు ఉందని, దానికి అధ్యక్షులవారి సంతకం కావాలని చెప్పాడు. అధ్యక్షులవారు హైదరాబాదులో కూతురింట్లో ఉన్నారు. వారికి ఫోను చేశాను. సంతకం లేకుండానే వేయించేయమంటారని ఆశించాను. వచ్చాక చూద్దామన్నారు. ఇంతమంది పెద్దమనుషులకు ఒక బటన్ సెల్లు పట్టే చోటు ఎక్కడా లేకపోయింది. సిగ్గులేకపోతే సరి! వెనక మరలు కూడా ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉన్నాయి. అనుమతి వచ్చేనాటికి అవి కదలవేమోనని వాటి మీద నాలుగు చుక్కలు కొబ్బరినూనె వేసి వచ్చాను. దానికి ఏ రిజిస్టరూ లేదట.

ఇట్లు,
నీ లెక్క ప్రకారం ఇంకా పదవీ విరమణ చేయని
తెలుగు ఉపాధ్యాయుడు

తాజాకలం: మూసేసిన ఖాతా 24 గంటల తర్వాత తెరుచుకుంటుందన్నారు. ఆ గంటలు లెక్కపెట్టేది సైటు వారి గడియారమని మా మేనల్లుడు హామీ ఇచ్చాడు. నీ గడియారమైతే నీకు 24 గంటలు ఎన్నడూ పూర్తి కావు, నేను ఈ జన్మలో లాగిన్ కాలేను. ఈ సాయంత్రం నాలుగున్నరకు వస్తాను. మేలుకుని ఉండు. నమ్ లాక్ నేను చూసుకుంటాను.